గేటు దగ్గర అత్తగారి రివ్యూ

సినిమా చూడడానికి హైదరాబాదు వెళ్తున్నానంటే మా వీధిలో నవ్వని వాళ్ళు లేరు. "విజయనగరంలో హాళ్ళు లేవా ఏటి?" అంది పాలావిడ. ఉన్నాయి తల్లీ, హాళ్ళు ఉన్నాయి. ఆ సినిమానే లేదు. మా ఊళ్ళో ఓ చిన్న వారపత్రికకు నేను సినిమా సమీక్షలు రాస్తాను. నా కలానికి కారం ఎక్కువని పేరు. ఆ పేరు విని, శ్రీలత అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, నా సినిమా శుక్రవారం ఒస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక్కటే హాలు, పొద్దున ఒక్కటే ఆట. మీరు ఒచ్చి చూడాలె. మంచిగ రాయమంట లేను. చూసి రాయమంటున్న."

అలా అడిగే డైరెక్టరు నాకు ఇంతవరకూ తగల్లేదు. అందరూ మంచిగా రాయమనేవాళ్ళే. సంచీ సర్దేశాను.

నాగోల్: రెండున్నర స్టార్ల ఇల్లు

దిగింది మా పెదనాన్న కూతురు కామేశ్వరి అక్క ఇంట్లో. నాగోల్‌లో కొత్త అపార్ట్‌మెంటు, అయిదో అంతస్తు. బావగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్తారు. పాతికేళ్ళయింది వాళ్ళు ఇక్కడికొచ్చి. అయినా ఆ ఇంట్లో ఇప్పటికీ మన బెల్లం ఆవకాయే, మన 'ఏటే' పిలుపే. కిందికి దిగి వాచ్‌మన్‌తో మాట్లాడితే మాత్రం అక్క నోట 'జర' అనే మాట దానంతటదే దొర్లుతుంది. అక్కకి ఆ సంగతి తెలియదు. నేను చెప్తే ఒప్పుకోదు.

బావగారికి సినిమా పిచ్చి. కానీ ఓ నియమం ఉంది. మూడు స్టార్లకి తక్కువైతే గుమ్మం దిగరు. శుక్రవారం పొద్దున్నే ఫోన్లో నాలుగైదు సైట్ల రేటింగులు చూసి, సగటు తీసి, ఆ తరువాతే పళ్ళు తోముకుంటారు.

"నీ సినిమాకి ఎన్నిచ్చారు భ్రమరాంబా?" అన్నారు భోజనాల దగ్గర.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు బావగారూ. ఒకాయన మాత్రం 'నిజాయితీ గల ప్రయత్నం' అని రాశాడు."

"అయితే అయిపోయింది పాపం" అన్నారాయన, పప్పు కలుపుకుంటూ.

నిజమే మరి. మా సమీక్షకుల భాషలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. పెద్ద సినిమా బాగోకపోతే 'అభిమానులకు పండగ' అని రాస్తాం. చిన్న సినిమా బాగున్నా బాగోకపోయినా 'నిజాయితీ గల ప్రయత్నం' అని రాస్తాం. రెండిటికీ రెండున్నర వేస్తాం. రెండున్నర అంటే రాసినవాడికి నిద్రొచ్చిందని అర్థం. నేను స్టార్లు వేయను. అందుకే మా బావగారు నా రివ్యూలు ఇంతవరకూ ఒక్కటీ చదవలేదు.

దిల్‌సుఖ్‌నగర్: రెండు సినిమాలు, ఒకటే మెట్లు

శుక్రవారం తెల్లవారుతూనే బయల్దేరాను. మెట్రో మ్యాపులో నాగోల్ ఉంది, దిల్‌సుఖ్‌నగర్ ఉంది, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవర్నీ అడక్కుండా ఎక్కేశాను. ఎవర్నైనా అడిగితే నా పరువు పోదూ! ఆ రైలు నన్ను ఊరంతా ఊరేగించి, అమీర్‌పేటలో దింపి, ఇంకో రైలెక్కించి, మళ్ళీ వెనక్కి తెచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో పడేసింది. గేటు దగ్గర నా కోసం నిలబడ్డ శ్రీలత, నేను చెప్పింది విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మెట్రోల ఒచ్చిండ్రా మేడం? ఆటోల పది నిమిషాలు గదా!"

శ్రీలతకి ముప్పై దాటి ఉంటాయి. కాటన్ చీర, నుదుటి మీద చెమట, చేతిలో తన సినిమా పోస్టర్లు నాలుగు. పుట్టింది నల్గొండ దగ్గర పల్లె. భర్త బాటసింగారం పండ్ల మార్కెట్టుకు లోడ్లు తోలే లారీ డ్రైవరు, ఆవేళ డ్యూటీలో ఉన్నాడు. అత్తగారు సత్తెమ్మ మాత్రం వచ్చింది. ఎల్.బి.నగర్‌లో కర్రీ పాయింటు నడుపుతుందట. ఆవిడ నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూసి, "మీరేనా మేడం, పేపర్ల తిట్టేది?" అంది. నేనేనన్నాను. "మంచిది" అంది. ఎందుకు మంచిదో చెప్పలేదు.

శ్రీలత నన్ను పక్కకు తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పింది. ఈ సినిమా తీయడానికి అత్తగారు ఒక్క షరతు మీద ఒప్పుకుందట. "ఒక్కపారి తీసుకో బిడ్డా. నడిస్తె నడిచింది. లేకుంటె కర్రీ పాయింట్ల కూసో." ఆదివారం దాకా జనం రాకపోతే హాలువాళ్ళు సోమవారం తీసేస్తారు. తీసేస్తే శ్రీలత ఇంక కెమెరా ముట్టదు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆ పిల్ల గొంతు వణికింది. నేను ఆ గొంతుకు సమీక్ష రాయడానికి రాలేదని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను.

అదే ఆవరణలో, కింద పెద్ద హాల్లో, అదే రోజు ఓ పెద్ద హీరో సినిమా విడుదల. పేరు చెప్పను, అభిమానులు మా ఇంటికొస్తారు. తెల్లారకముందు నుంచే డప్పులు, టపాకాయలు, కటౌటుకు పాలాభిషేకం. మా విజయనగరంలోనూ పాలు పోస్తారు గానీ, పోసేముందు సగం టీకి తీసిపెట్టుకుంటారు. ఇక్కడ డబ్బాలకు డబ్బాలు దిమ్మరిస్తున్నారు. మా చిన్న సినిమా పైన, మూడో అంతస్తు చిన్న తెర మీద. ప్రేక్షకులు అంటే నేను, శ్రీలత, సత్తెమ్మ, వాళ్ళ వీధి ఆడవాళ్ళు కొందరు, ఏసీ కోసం వచ్చి నిద్రపోయిన ఓ పెద్దాయన.

సినిమా పేరు 'జర చెయ్యి పట్టు'. బత్తాయిల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మే ఒక తల్లి కథ. గంప ఎత్తుకోవడానికి ఒక చెయ్యి సాయం కావాలి, దించుకోవడానికి ఒక చెయ్యి కావాలి. ఒక చోట ఆ చెయ్యి దొరకదు. నడిరోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, గంప నెత్తిన పెట్టుకుని ఆవిడ అలాగే నిలబడి ఉంటుంది. కెమెరా కదలదు. పాట లేదు, మాట లేదు. నేనైతే కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. ఎవరో ఒకరు రండర్రా అని లోపల అరుస్తూనే ఉన్నాను.

ఆ తరువాత రెండో సగం సాగింది. బాగా సాగింది. అదీ నిజమే.

మా ఆట ముగిసేసరికి కింద పెద్ద సినిమా బెనిఫిట్ షో కూడా వదిలారు. రెండు హాళ్ళకీ మెట్లు ఒకటే, గేటు ఒకటే. ఆ గేటు దగ్గర ఈ ఊరి ఆచారం ఒకటి చూశాను. మా ఊళ్ళో సినిమా నుంచి బయటికొస్తే టీ కొట్టు దగ్గరకెళ్ళి మనలో మనం తిట్టుకుంటాం. ఇక్కడ రంగురంగుల మైకులు పట్టుకుని యూట్యూబు చానళ్ళవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు. వచ్చినవాళ్ళ మూతి దగ్గర మైకు పెట్టి "ఎట్లుంది?" అంటారు. దాన్ని పబ్లిక్ టాక్ అంటారు. ఏ సినిమా అని ఎవరూ అడగరు. శుక్రవారం ఊళ్ళో ఉండేది ఒకటే సినిమా కదా అని వాళ్ళ నమ్మకం. చొక్కాలు చించుకున్న కుర్రాళ్ళు "ఇంటర్వెల్ బ్యాంగ్, మామూలుగ లేదన్నా!" అంటూ ఎగురుతున్నారు. ఒకతను నా ముందూ మైకు పెట్టాడు. "నేను గాలిలో చెప్పను నాయనా, కాగితం మీద చెప్తాను" అని బింకంగా తప్పుకున్నాను.

నా వెనకే సత్తెమ్మ. ఆవిడ ముందూ మైకు పెట్టారు. ఏమందో డప్పుల గోలలో నాకు వినబడలేదు.

తరువాత ముగ్గురం రోడ్డవతల మిర్చి బజ్జీ తిన్నాం. ఇక్కడ బజ్జీని ముక్కలు కోసి, మళ్ళీ నూనెలో వేసి, ఉల్లిపాయలు చల్లి ఇస్తారు. మన మిర్చికి లేని మర్యాద ఇది, బాగుంది. కాగితం ప్లేటు మీద చెయ్యి తుడుచుకుంటూ శ్రీలతకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"గంప సీను నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను. రెండో సగం మాత్రం సాగదీశావమ్మా."

శ్రీలత మొహం ఎర్రబడింది. "జీవితం గట్లనే సాగుతది గద మేడం."

"జీవితానికి మేము టికెట్ కొనలేదు తల్లీ."

సత్తెమ్మ మిరపకాయ తొడిమ పక్కన పెట్టి, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

మళ్ళీ నాగోల్: మదర్ సెంటిమెంటు

శనివారం పొద్దున అక్క పెసరట్టు వేస్తోంది. బావగారు ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు.

"చూశావా భ్రమరాంబా! పెద్ద సినిమాలో మదర్ సెంటిమెంటు అదిరిపోయిందట. రేటింగు రెండున్నరే ఇచ్చారు గానీ, ఈ పెద్దావిడ మాట వింటే నాకే కళ్ళు చెమర్చాయి. పదకొండింటి ఆటకి బుక్ చేసేశాను."

ఫోన్లో సత్తెమ్మ! కింద పెద్ద హీరో సినిమా పేరు, పక్కన నిప్పు బొమ్మలు. సత్తెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెప్తోంది. "ఏడుపొచ్చింది బిడ్డా. గా తల్లి గంప నెత్తిన పెట్టుకొని నిలబడ్డది సూడు, దింప ఒక్క చెయ్యి లేక... నా మెడ గుంజింది. మొగోళ్ళు కొట్టుకునుడు లేదు, ఏం లేదు. ఇంటింటి ఆడోళ్ళు చూడాలె."

పెసరట్టు ముక్క గొంతులో అడ్డం పడింది. అక్క వీపు మీద చరిచింది. నీళ్ళు తాగి, నవ్వాపుకుని చెప్పాను. "బావగారూ, ఇది ఆ సినిమా కాదు! ఇది మా చిన్న సినిమా. ఆవిడ ఆ డైరెక్టరు అత్తగారు!"

"ఊరుకో. వీడియో మీద పేరు రాసుంది కదా" అన్నారు బావగారు. ఫిజిక్సు చెప్పే మనిషి! రాసి ఉంటే చాలు, నమ్మేస్తారు.

వీడియో కింద చూస్తే యుద్ధమే. పొద్దున్నకల్లా ఊరంతా చూసినట్టుంది. 'ఏ గంప? మా అన్న సినిమాలో గంప ఎక్కడిది?' అని ఒకడు. 'డబ్బులిచ్చి చెప్పించారు' అని ఇంకొకడు. 'గంప సీను కోసం మా అమ్మని తీసుకెళ్తున్నా' అని మరొకడు. చూసినన్ని సార్లు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా ఉంది. అప్పుడు శ్రీలత ఫోన్ చేసింది.

"మేడం, జల్ది రాండ్రి. హాలు మేనేజరు సారు గరమైండు."

ఈసారి బుద్ధిగా ఆటో ఎక్కాను. వెళ్ళేసరికి హాలు గేటు దగ్గర చిన్న సంత. పెద్ద సినిమా చూసి బయటికొచ్చిన ఆడవాళ్ళు కౌంటరు దగ్గర నిలదీస్తున్నారు. "గంప సీను కట్ చేసిండ్రా ఏంది? మూడు గంటలు నరుకుడే నరుకుడు. గా తల్లి ఏది?" వాళ్ళ మధ్యలో మా బావగారు. చెమటతో, కోపంతో, "మదర్ సెంటిమెంటు అన్నారు, మదర్ ఫస్టాఫ్‌లోనే చచ్చిపోయింది!" అంటున్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు.

మేనేజరు శ్రీలతనే అనుమానించాడు. పబ్లిసిటీ కోసం కావాలనే చేయించావన్నాడు. "సాయంత్రం లోపల గా వీడియో సరిచేయించు. లేకుంటే సోమారం దాకా గుడ ఆగ. రేపే తీసేస్త" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. శ్రీలత నా చెయ్యి పట్టుకుంది. "ఆయన చెప్పేది నిజమే మేడం. వేరేటోళ్ళ పేరు మీద నా సినిమా నడవద్దు." అంటూనే ఏడ్చేసింది. అప్పటిదాకా నవ్వినందుకు నాకు సిగ్గనిపించింది.

ఎల్.బి.నగర్: కర్రీ పాయింటు

సత్తెమ్మ వీడియో పెట్టిన మైకు మనిషి పేరు నర్సింగ్. చానల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఎల్.బి.నగర్‌లో ఉన్నానన్నాడు. ఎక్కడ అంటే మెట్రో పిల్లరు నంబరు చెప్పాడు. మా ఊళ్ళో దారి చెప్పాలంటే గంటస్తంభం నుంచి మొదలుపెడతాం. ఇక్కడ ప్రతి స్తంభానికీ ఓ నంబరు, ప్రతి నంబరుకీ ఓ టీ కొట్టు. నేనూ శ్రీలతా వెతుక్కుంటూ వెళితే, నలభై ఏళ్ళ మనిషి, టీ గ్లాసు పట్టుకుని తల పట్టుకుని కూర్చున్నాడు.

"పైన చిన్న హాల్ల ఆట నడుస్తుందని ఎవలకు ఎరుక మేడం? గా మెట్ల మీదికెళ్లి పెద్ద సినిమా జనమే దిగుతరు ఎప్పుడు. పొద్దుగాల్నుంచి ఫ్యాన్స్ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుంట తిడుతున్నరు. పరేషాన్ అయిపోయిన." టీ ఓ గుక్క తాగి అసలు బాధ చెప్పాడు. "చిన్న సినిమా పేరు పెడితే ఎవరు నొక్కుతరు చెప్పుండ్రి. నా చానల్ల ఇంతమంది చూసిన వీడియో ఇదొక్కటే."

చివరికి ఒక ఒప్పందానికొచ్చాడు. ఆ పెద్దమ్మనే మళ్ళీ మైకులో చెప్పమనాలి, ఏ సినిమా చూసిందో. అప్పుడే పాతది తీసి కొత్తది పెడతాడు.

కర్రీ పాయింటు అక్కడికి దగ్గరే. సాయంత్రం రద్దీ. ఈ ఊళ్ళో ఉద్యోగాల వాళ్ళు అన్నం ఇంట్లో వండుకుని కూరలు కట్టించుకుపోతారు. పప్పు ముప్పై, వంకాయ నలభై. సత్తెమ్మ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కవరు. పొగలు కక్కే పప్పు కవర్లో పోసి, గాలి నింపి, దారం చుట్టి ఒక్క గుంజు గుంజితే బంతిలా నిలబడుతుంది. తను ఊరంతటికీ తెలిసిపోయిన సంగతి ఆవిడకు తెలియదు. చెప్తే నమ్మలేదు. నర్సింగ్ వీడియో చూపించాడు.

"నా కొంగు సక్కగ లేదు" అంది ముందు. తరువాత, "మల్ల ఎందుకు? నిన్న చెప్పిన గద."

"ఏ సినిమానో చెప్పాలె పెద్దమ్మా. కోడలు సినిమా అని" అన్నాడు నర్సింగ్.

ఆవిడ గరిటె ఆగింది. కోడలి వైపు చూసింది. శ్రీలత తల దించుకుంది. వెనక కూరల కోసం జనం నిలబడ్డారు. మైకు ముందుకొచ్చింది.

"ఇనుండ్రి" అంది సత్తెమ్మ. "నిన్న నేను చెప్పింది పెద్ద సినిమా గాదు. పైన చిన్న హాల్ల ఆడేది. 'జర చెయ్యి పట్టు'. గది నా కోడలు తీసింది. నిన్న ఎందుకు చెప్పలేదంటే, ఇంటి సంగతి మైకుకు ఎందుకని. గా గంప మోసిన తల్లి ఎవలో కాదు, నేనే. ఈ దుకానం పెట్టకముందు ఊరూరు తిరిగి బత్తాయిలు అమ్మిన. ఒకనాడు గిట్లనే, దింప మనిషి దొరకక రోడ్డు మీద నిలబడ్డ. గా ముచ్చట ఎప్పుడో వంట జేస్తుంటె నోరు జారి చెప్పిన. ఇది మతిల పెట్టుకున్నది." ఆవిడ గరిటె మళ్ళీ పప్పులో ముంచింది. "నాకు చెప్పకుంట తీసింది. చెప్తే నేను తియ్యనియ్యకపోదును. గంతే. ఇగ జరుగుండ్రి, జనం నిలబడ్డరు."

శ్రీలత అక్కడే కూలబడి ఏడ్చింది. నర్సింగ్ మైకు దించి ముక్కు తుడుచుకున్నాడు. నా సంగతి అడగకండి. ఇన్నేళ్ళుగా సమీక్షలు రాస్తున్నాను, ఇలాంటి సమీక్ష నేను రాయలేదు.

ఆదివారం

కొత్త వీడియోను పాత వీడియో చూసినంతమంది చూడలేదు. నర్సింగ్ చెప్పిందే అయింది. కానీ ఎల్.బి.నగర్ వీధులవాళ్ళు చూశారు. కూరలు కట్టించుకునే వాళ్ళంతా చూశారు. ఆదివారం పొద్దున ఆటకు సగం హాలు నిండింది. మా బావగారు కూడా వచ్చారు, అక్కను తీసుకుని, ఏ రేటింగూ చూడకుండా! దారి పొడుగునా "మీ చెల్లెలి కోసం వస్తున్నాను, అంతే" అంటూనే ఉన్నారట.

గంప సీను దగ్గర హాల్లో ఎవరో ఆడమనిషి "అయ్యో, జర పట్టుండ్రయ్యా!" అని పైకే అరిచింది. శ్రీలత నా భుజం గట్టిగా నొక్కింది. రెండో సగంలో ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీశారు. అదీ శ్రీలత చూసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నారు. నేనే గిల్లాను. "ఎన్ని స్టార్లు బావగారూ?"

"మా అమ్మ చెరువు నుంచి రెండు బిందెలు తెచ్చేది" అన్నారు. "గుమ్మం దగ్గరకొచ్చి 'ఒరే, ఒక చెయ్యి వెయ్యరా' అని పిలిచేది. నేను లెక్కలు చేసుకుంటూ ఉండేవాణ్ణి." అంతే అన్నారు. అక్క ఇంకొంచెం మజ్జిగ పోసింది.

అప్పుడే శ్రీలత ఫోన్ చేసింది. మేనేజరు మంచిగానే మాట్లాడాడట, సగం హాలు బాగానే ఉందన్నాడట. కానీ పెద్ద సినిమాకి ఆటలు పెంచుతున్నారు. సోమవారం నుంచి చిన్న తెర మీద కూడా అదే. "అయిపోయింది మేడం" అంది.

బండెక్కే రోజు

సోమవారం సాయంత్రం నా రైలు. పొద్దున్న ఎల్.బి.నగర్ వెళ్ళి చెప్పి వద్దామనుకున్నాను. కర్రీ పాయింటులో శ్రీలత కొంగు బిగించి గరిటె పట్టుకుని ఉంది. మాట మాటే. సోమవారం వచ్చింది, కూర్చుంది. గల్లా వెనక గోడకు తన సినిమా పోస్టరు అతికించి ఉంది. అది అతికించింది ఎవరో నేను అడగలేదు.

నా కళ్ళ ముందే శ్రీలత ఒక సాంబారు పాకెట్టు కట్టింది. దారం చుట్టింది, గుంజింది. కవరు పగిలి సాంబారు బల్ల మీద, కింద, వచ్చినాయన చెప్పుల మీద. ఆయన గెంతాడు. రెండో పాకెట్టు పగల్లేదు గానీ కారింది. సత్తెమ్మ చూస్తూ నిలబడింది. మూడో కవరు శ్రీలత చేతిలోంచి తీసేసుకుంది.

"నీకు గీ పని రాదు."

"నేర్చుకుంట అత్తమ్మా. మాటిచ్చిన గద."

"మాట నాకిచ్చినవ్. నేను ఇడిసిపెట్టిన." సత్తెమ్మ సాంబారు పోసి, గాలి నింపి, ఒక్క గుంజుతో బంతి కట్టి ఆ చెప్పులాయనకు ఇచ్చింది. తరువాత నా వైపు ఒక చూపు చూసి, కోడలితో అంది. "పో, ఇంకోటి తియ్యి. గీసారి సెకండాఫ్ జర జల్ది అయిపోవాలె."